గుత్తి కొండ మీది నుండి సమర్కంద్‌కు

అట్లాసు తెరిచి గుత్తి మీద వేలు పెట్టండి. అక్కడి నుండి వేలిని నిటారుగా ఉత్తరానికి పోనివ్వండి. సుమారు 1500 కిలోమీటర్లు పోయాక ఢిల్లీ తగులుతుంది. ఇప్పుడు వేలిని వాయవ్యానికి తిప్పి, మళ్ళీ అంతే దూరం పోనివ్వండి. హిందూకుష్ పర్వతాలు దాటిన తరువాత సమర్కంద్ అనే పేరు కనబడుతుంది. అంటే ఢిల్లీ మనకెంత దూరమో, సమర్కంద్‌కు కూడా దాదాపు అంతే దూరమన్నమాట!

సమర్కంద్ ఉన్నది ఉజ్బెకిస్తాన్ దేశంలో. 1991 దాకా అది సోవియట్ యూనియన్‌లో ఒక రిపబ్లిక్. ఆ ఏడే స్వతంత్ర దేశమయింది. దాని రాజధాని తాష్కెంట్ పేరు మీరు సాంఘిక శాస్త్రంలో చదివే ఉంటారు. 1966 జనవరి 10న మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు, పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ అక్కడే ఒడంబడిక మీద సంతకాలు చేశారు. ఆ రాత్రి తెల్లవారకముందే శాస్త్రిగారు ఆ ఊళ్ళోనే కన్నుమూశారు. ఆయన పేరున తాష్కెంట్‌లో ఇప్పటికీ ఒక వీధి ఉంది.

ఆ దేశంలో సమర్కంద్, బుఖారా, ఖీవా అని మూడు పాత పట్టణాలున్నాయి. నీలి గుమ్మటాలు, ఆకాశమంత ఎత్తు వాకిళ్ళు, ఎండలో మెరిసే పలకల గోడలు! క్యాలెండరు బొమ్మల్లో మీరు చూసే ఉంటారు. వాటిని ఒక సెలవులో చూసి రావాలని మీకు అనిపిస్తే ఎలా సిద్ధం కావాలి? పాస్‌పోర్టు, వీసా, టిక్కెట్లు పెద్దలు చూసుకునే పనులు. కాని అవన్నీ అమరినా, తగిన తయారీ లేకుండా పోయినవాడు నాలుగు నీలి గోడల ముందు నిలబడి ఫోటో తీయించుకుని తిరిగి వస్తాడు. ఆ తయారీని మన గుత్తి కొండ దగ్గరే మొదలుపెట్టవచ్చు.

ఒక సంగతి దాచకుండా చెప్పుకుందాం. వేరుశనగ ఒక ఏడు పండి రెండేళ్ళు ఎండే మన ప్రాంతంలో విమానం టిక్కెట్టు అందరికీ అందే వస్తువు కాదు. అందుకే ఈ వ్యాసంలో దగ్గరి ప్రయాణం కూడా ఒకటి చెబుతున్నాను. రైలు, బస్సు చార్జీలతో జరిగేది. సమర్కంద్ గాలి దక్కనుకు కూడా వీచింది మరి!

కొండ మీద నిలబడి భూమిని కొలిచినవాడు

అల్ బెరూనీ పేరు విన్నారా? ఆయన 973వ సంవత్సరంలో ఖ్వారిజం అనే ప్రాంతంలో పుట్టాడు. ఆ ఊరు నేటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. గజనీ మహమూద్ ఆ దేశాన్ని జయించి, అక్కడి పండితులను తన కొలువుకు పట్టుకుపోయాడు. అలా వెళ్ళిన అల్ బెరూనీ మన దేశానికి వచ్చి, సంస్కృతం నేర్చుకుని, హిందూదేశాన్ని గురించి పెద్ద గ్రంథం రాశాడు. రాజుగారు దండయాత్రలు చేస్తుంటే ఈయన కోణాలు కొలిచాడు!

నేడు పాకిస్తాన్‌లో ఉన్న పంజాబులో నందనా అనే కోట ఉంది. దాని పక్కన ఒక కొండ, కొండ ముందు చదునైన మైదానం. అల్ బెరూనీ ఆ కొండ ఎత్తు కొలిచాడు. తరువాత కొండ మీదికెక్కి మైదానం అంచున నేల, ఆకాశం కలిసే గీతను చూశాడు. భూమి గుండ్రంగా ఉన్నది కాబట్టి, ఆ గీత మన కంటికి సమమట్టంగా కాక రవ్వంత కిందికి కనబడుతుంది. ఎంత కిందికి? ఆయన కొలత ప్రకారం 34 నిమిషాల కోణం. ఒక డిగ్రీలో 60 నిమిషాలు గదా, అంటే అర డిగ్రీ కంటే కాస్త ఎక్కువ. పున్నమి చంద్రుడు ఆకాశంలో ఎంత వెడల్పు కనబడతాడో సుమారు అంత.

ఇక పదో తరగతి త్రికోణమితి చాలు. కొండ ఎత్తును ఆ కోణపు కొసైన్‌తో గుణించండి. ఒకటిలో నుండి అదే కొసైన్ తీసివేయండి. మొదటి దానిని రెండవ దానితో భాగిస్తే వచ్చేది భూమి వ్యాసార్ధం. సముద్రయానం లేదు, ఎడారిలో తాళ్ళు పట్టి నడిపించే మనుషులు లేరు. ఒక కొండ, ఒక కోణం, అంతే!

మన గుత్తి కోట ఉన్న కొండ చుట్టుపక్కల నేల నుండి సుమారు 300 మీటర్లు లేచి ఉంది. దానితో లెక్క వేసి చూడండి. అంత ఎత్తు నుండి దిగంతం 33 నిమిషాల కోణం మేర కిందికి కనబడాలి. నందనా కొండకూ మన కొండకూ ఎత్తులో పెద్ద తేడా లేదు! దిగంతం దూరం కూడా లెక్క వేయండి. దాదాపు 62 కిలోమీటర్లు వస్తుంది. మన చుట్టూ గుట్టలున్నాయి కాబట్టి అన్ని దిక్కులా ఇది కుదరదు. గుట్టలు అడ్డం రాని దిక్కును వెతుక్కోవాలి. పైగా గాలి కాంతిని కొద్దిగా వంచుతుంది, అందువల్ల కోణం లెక్కలో కంటే కాస్త తక్కువగా కనబడుతుంది.

అసలు చిక్కు వేరే ఉంది. కోణం కొలవడంలో ఒక్క నిమిషం తప్పితే, భూమి వ్యాసార్ధంలో 360 కిలోమీటర్లకు పైగా తేడా వస్తుంది! మీ జామెట్రీ పెట్టెలో ఉన్న కోణమాపకం తీయండి. దాని వ్యాసార్ధం 5 సెంటీమీటర్లు అనుకుందాం. అంచున ఒక డిగ్రీకి దక్కే చోటు ఒక మిల్లీమీటరు కూడా లేదు. దానిని 60 భాగాలు చేసి ఒక నిమిషం గీయాలంటే, వెంట్రుక మందంలో అయిదో వంతు గీత గీయాలి. ఎవరి తరం? ఈ చిక్కును గుర్తుంచుకోండి. సమర్కంద్‌లో దీనికి ఒకరు జవాబు కట్టారు. కాగితం మీద కాదు, ఇటుకలతో.

(కొండ ఎక్కేటప్పుడు పెద్దలను వెంట తీసుకుని, తెల్లవారుజామునే బయలుదేరండి. నీళ్ళు మరువకండి. కోణాలు కొలిచే ఉత్సాహంలో సూర్యుని వైపు ఎన్నడూ నేరుగా చూడవద్దు.)

దగ్గరి సమర్కంద్

దసరా సెలవుల్లో హైదరాబాదు, బీదర్ చూసి రావచ్చు. గుత్తి నుండి హైదరాబాదు 300 కిలోమీటర్లు, అక్కడి నుండి బీదర్ మరో 140 కిలోమీటర్ల పైచిలుకు. బీదర్ ఇప్పుడు కర్ణాటకలో ఉన్నా, 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనిదే. ఆ ఊళ్ళో నేటికీ తెలుగు వినబడుతుంది.

బీదర్‌లో చూడవలసింది మహమూద్ గవాన్ కట్టించిన మద్రసా. ఆయన పారశీక దేశం నుండి వచ్చి బహమనీ సుల్తానులకు మంత్రి అయినవాడు. 1472లో ఈ విద్యాలయాన్ని పూర్తి చేయించాడు. నడుమ చదరపు ముంగిలి, నాలుగు వైపులా మూడంతస్తుల గదులు, ముందు మూలల్లో ఎత్తయిన మీనార్లు, ముఖం నిండా రంగుల పలకలు. సమర్కంద్‌లోనూ ఖురాసాన్‌లోనూ కట్టిన మద్రసాల పోలిక ఇది. దక్కనులో మరెక్కడా ఇలాంటిది కనబడదు. గవాన్‌ను శత్రువులు దొంగ ఉత్తరం సృష్టించి ఇరికించగా, సుల్తాను 1481లో ఆయన తల తీయించాడు. 1696లో, మొగలుల కాలంలో, అక్కడ నిలవ చేసిన తుపాకి మందు పేలి కట్టడంలో నాలుగో వంతు కూలిపోయింది. రెండు మీనార్లలో ఒకటే మిగిలింది. పలకలు చాలా భాగం రాలిపోయాయి. మిగిలిన వాటిని దగ్గరగా చూడండి, చేత్తో తాకవద్దు. నీలం, ఆకుపచ్చ కలిసిన ఒక రంగు కనబడుతుంది. దాని సంగతి తరువాత చెబుతాను.

బీదర్‌లోనే నౌబాద్ దగ్గర కరేజ్ అనే పాతకాలపు నీటి సొరంగం ఉంది. రాతిని తొలిచి భూమి లోపల రెండు కిలోమీటర్లకు పైగా నీరు పారించారు. నీరు ఎండకు ఆవిరి కాకుండా, ఎత్తిపోసే పని లేకుండా, వాలు మీద తానే పారుతుంది. ఇరాన్‌లో, మధ్య ఆసియాలో కొండ పాదాన ఉండే ఊళ్ళు ఇలాగే నీరు తెచ్చుకున్నాయి. బోరు వేసి అడుగంటా తోడుకునే మన అలవాటుతో దీనిని పోల్చి చూసుకోండి. సొరంగంలోకి వాలు మీద చేరినంత నీరే వస్తుంది, అంతకు మించి లాగలేము.

హైదరాబాదులో చార్మినార్ అందరూ చూస్తారు. దానికి కొంచెం దూరంలో పాతబస్తీలో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉంది. 1590లలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. దాని లోపలి గోడల పలకల పని తప్పక చూడండి. 1908లో మూసీ వరద వచ్చినప్పుడు కింది భాగంలో పలకలు దెబ్బతిన్నాయి.

హైదరాబాదును రెండు వందల ఏళ్ళకు పైగా ఏలిన అసఫ్‌జాహీ వంశపు మూలపురుషుడు ఖ్వాజా ఆబిద్ సమర్కంద్ ప్రాంతం వాడే! ఔరంగజేబు సైన్యంలో చేరి, 1687లో గోల్కొండ ముట్టడిలో ఫిరంగి గుండు తగిలి చనిపోయాడు. ఆయన మనుమడే 1724లో దక్కనులో సొంత రాజ్యం స్థాపించిన మొదటి నిజాం. మన గుత్తిని 1800లో ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసింది కూడా ఆ వంశపు నిజామే. అందుకే మన జిల్లాలను దత్తమండలాలు అనేవారు. గుత్తి చరిత్రలో సమర్కంద్ సంతకం ఒకటి ఉందన్నమాట!

ఢిల్లీ మీదుగా

దూరపు ప్రయాణానికి పోగలిగినవారి సంగతికి వద్దాం. గుంతకల్లు వెళ్తే ఢిల్లీ బండి దొరుకుతుంది. ఢిల్లీ నుండి తాష్కెంట్‌కు నేరుగా విమానాలున్నాయి. ప్రయాణం మూడు గంటల పైచిలుకు. మన దేశస్థులు వీసాకు ఇంటర్నెట్ ద్వారానే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఢిల్లీలో ఒక పూట ఆగి జంతర్ మంతర్ చూడండి. దానిని 1724లో సవాయి జైసింగ్ మహారాజు కట్టించాడు. ఆకాశాన్ని కొలవడానికి ఆయన అంతంత పెద్ద కట్టడాలు ఎందుకు కట్టించాడు? ఇందాక మన కోణమాపకం చిక్కు చెప్పుకున్నాం గదా! పరికరం పెరిగితే ఒక్కొక్క నిమిషానికీ చోటు పెరుగుతుంది. జైసింగ్‌కు ఈ విషయంలో గురువు వంటివాడు, ఆయనకు మూడు వందల ఏళ్ళ ముందు సమర్కంద్‌ను ఏలిన ఉలూగ్ బేగ్. ఆ పట్టికలను తెప్పించుకుని, చదివి, వాటి మీదే జైసింగ్ తన పని మొదలుపెట్టాడు.

ఉలూగ్ బేగ్ (1394–1449) తాత తైమూర్. 1398లో ఢిల్లీని కొల్లగొట్టి, రక్తపాతం చేసిన తైమూరే. ఇక్కడి నుండి తోలుకుపోయిన ఏనుగుల చేత సమర్కంద్‌లో బీబీ ఖానం మసీదుకు రాళ్ళు మోయించాడని ఆనాటివారు రాశారు. తాత తలలు లెక్కపెట్టుకుంటే మనుమడు నక్షత్రాలు లెక్కపెట్టాడు. సమర్కంద్ నడిబొడ్డున రెజిస్తాన్ అనే మైదానం ఉంది. దాని చుట్టూ మూడు మద్రసాలు. వాటిలో అన్నిటికంటే పాతదానిని ఉలూగ్ బేగ్ 1417లో మొదలుపెట్టి 1420 కల్లా పూర్తి చేయించాడు. తక్కిన రెండూ రెండు శతాబ్దాల తరువాతివి.

ఊరి చివర గుట్ట మీద ఆయన కట్టించిన వేధశాల ఉంది. అక్కడి వృత్తఖండం వ్యాసార్ధం సుమారు 40 మీటర్లు. దాని దిగువ భాగాన్ని గుట్ట రాతిలో తొలిచి, సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా అమర్చారు. దాని మీద ఒక డిగ్రీకి దక్కే చోటు 70 సెంటీమీటర్లు. ఒక నిమిషానికి ఒక సెంటీమీటరు పైచిలుకు! మీ కోణమాపకంతో పోలిస్తే 800 రెట్లు. దూరదర్శిని పుట్టడానికి ఇంకా రెండు వందల ఏళ్ళు ఉన్న రోజుల్లో, ఆ పరికరాలతో 1018 నక్షత్రాల స్థానాలు పట్టికలో చేర్చారు. ఆ పట్టిక 1437లో పూర్తయింది. నక్షత్రాలను బట్టి సంవత్సరం పొడవును ఉలూగ్ బేగ్ 365 రోజుల 6 గంటల 10 నిమిషాల 8 సెకన్లుగా కట్టాడు. నేటి లెక్కకూ దానికీ తేడా 58 సెకన్లు మాత్రమే. ఆయన కొలువులోని అల్ కాషీ 1424లో పై విలువను 16 దశాంశ స్థానాల దాకా కట్టాడు.

1449లో కన్న కొడుకే ఉలూగ్ బేగ్‌ను చంపించాడు. వేధశాల శిథిలమై మట్టిలో కలిసిపోయింది, అది ఎక్కడుండేదో కూడా జనం మరచిపోయారు. కాని పట్టిక బతికింది. ఆయన శిష్యుడు అలీ ఖుష్జీ పడమటి దేశాలకు వెళ్ళిపోయాడు, ప్రతులు చేతులు మారుతూ ఇస్తాంబుల్ దాకా, ఐరోపా దాకా, జైసింగ్ దాకా వచ్చాయి. 1908లో రష్యన్ పురాతత్వవేత్త వ్యాత్కిన్ పాత దస్తావేజు ఒకటి పట్టుకుని వెతికి, గుట్టను తవ్వించాడు. రాతిలో తొలిచిన కందకం, అందులో డిగ్రీల గుర్తులున్న వృత్తఖండం బయటపడ్డాయి. నేడు మీరు వెళ్తే చూసేది ఆ మిగిలిన భాగమే.

అదే 1908లో హైదరాబాదులో నిజామియా వేధశాలను నిజాం ప్రభుత్వం తన చేతిలోకి తీసుకున్నది. తరువాత అది బేగంపేట నుండి ప్రపంచ దేశాలన్నీ కలిసి చేసిన నక్షత్ర పట్టిక పనిలో పాల్గొని, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు నమోదు చేసింది. సమర్కంద్ నుండి వచ్చిన వంశం రాజ్యంలో ఇది జరిగిందంటే, కాకతాళీయమే అయినా నాకు ముచ్చటగా ఉంటుంది.

రాయి లేనిచోట ఏం కడతారు?

లేపాక్షి గుడి మీలో చాలామంది చూసే ఉంటారు. నల్లరాతి స్తంభాలు, వాటి మీద అడ్డంగా రాతి దూలాలు, దూలాల మీద రాతి బండలు. మన నేల నిండా రాయే కాబట్టి మనవాళ్ళకు అలా కట్టడం సహజం. మరి స్తంభాలన్ని దగ్గర దగ్గరగా ఎందుకున్నాయి? ఒక సుద్దముక్క తీసుకుని రెండు కొసలూ పట్టి వంచండి. పుటుక్కున విరుగుతుంది. అదే సుద్దముక్కను నిలువుగా నిలబెట్టి వేలితో అదమండి. అంత తేలికగా విరగదు. రాయి కూడా అంతే. ఒత్తిడి భరిస్తుంది, సాగదీసే బలాన్ని భరించలేదు. దూలం వంగితే దాని అడుగుభాగం సాగుతుంది. అందుకే దూలం పొడవు పెంచడానికి వీలులేదు.

బుఖారా, సమర్కంద్ ఉన్న మైదానాలలో ఎక్కువగా దొరికేది మెత్తని ఒండ్రు, గాలి తెచ్చి పోసిన మట్టి. మంచి కలప కూడా కరువే. మట్టితో ఇటుక చేయవచ్చు గాని, ఇటుకలతో దూలం చేయలేము. కాని ఇటుకలను ఒకదానినొకటి నొక్కుకునేటట్లు వంపుగా పేరిస్తే కమాను అవుతుంది. కమానులో ప్రతి ఇటుకా ఒత్తిడిలోనే ఉంటుంది, సాగే భాగం ఉండదు. కమానును గుండ్రంగా తిప్పితే గుమ్మటం! బుఖారాలో పదో శతాబ్దపు సామానీల సమాధి ఉంది. పది మీటర్ల పాటి చదరపు గది, పైన గుమ్మటం, అంతా కాల్చిన ఇటుకే. ఇటుకలను నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా పేర్చి బుట్ట అల్లినట్లు చేశారు. రంగు పలకలు ఒక్కటీ లేవు. నాకు అడిగితే ఆ దేశపు కట్టడాలలో ఇదే అన్నిటికంటే గొప్పది. ఆ ఊళ్ళోనే 1127లో కట్టిన కల్యాన్ మీనారు ఉంది. సుమారు 46 మీటర్ల ఎత్తు, అది కూడా ఇటుకే. నగరాన్ని 1220లో కాల్చి బూడిద చేసిన చెంఘిజ్ ఖాన్ సైన్యం కూడా దానిని కూల్చలేదు.

ఇక రంగు సంగతి. ఇసుకను, ఉప్పునేలల్లో పెరిగే మొక్కల బూడిదను కలిపి కరిగిస్తే గాజు పూత తయారవుతుంది. ఆ బూడిదలో సోడా ఉంటుంది. అందులో రాగి కలిపితే, బీదర్‌లో చూసిన ఆ ఆకాశపు ఆకుపచ్చ, వైడూర్యం వంటి రంగు వస్తుంది. అదే రాగిని సీసపు పూతలో కలిపితే ఉట్టి ఆకుపచ్చ వస్తుంది. ముదురు నీలం కోబాల్టు వల్ల. రాగి నీలాన్ని మీరు మైలుతుత్తంలో చూసే ఉంటారు.

చౌడు

మన ఇళ్ళ మిద్దెల మీద చౌడు మన్ను పరచేవారు. ఆ మన్నులో సోడా ఎక్కువ. తడిసినప్పుడు దాని రేణువులు సన్నగా విడిపోయి సందులు పూడ్చేస్తాయి, నీరు కిందికి దిగదు. కప్పు మీద మేలు చేసే ఆ చౌడే గోడ అడుగున చేరితే కీడు. బుఖారాకూ ఖీవాకూ ఇప్పుడు పట్టిన పెద్ద జబ్బు ఇదే.

బుఖారాలో ఏడాదికి కురిసే వాన మన అనంతపురం వానలో నాలుగో వంతు ప్రాంతం. అయినా అక్కడ నగరాలు వెలిశాయంటే కారణం మంచు. తూర్పున పర్వతాల మీద కరిగిన మంచు జరఫ్షాన్ నది అయి సమర్కంద్ మీదుగా బుఖారా వైపు వస్తుంది. జరఫ్షాన్ అంటే బంగారం చల్లేది అని అర్థం. మన పెన్నకు అలాంటి మంచు కొండ వెనుక లేదు. అందుకే అక్కడివారికి వేసవిలోనే నది నిండుతుంది, మనకు వేసవిలో ఇసుక.

1960ల నుండి సోవియట్ ప్రభుత్వం పత్తి సాగు కోసం అము దర్యా, సిర్ దర్యా నదుల నీటిని కాలువల్లోకి విపరీతంగా మళ్ళించింది. రెండు ఫలితాలు వచ్చాయి. నదులు చేరవలసిన అరల్ సముద్రం ఎండిపోయింది. 1960లో 68,000 చదరపు కిలోమీటర్లున్న ఆ సరస్సులో దాదాపు పదింట ఒక వంతే మిగిలింది. మొయ్నాక్ అనే రేవు ఊళ్ళో ఓడలు ఇసుకలో నిలబడి తుప్పు పడుతున్నాయి. రెండవది, కాలువల నుండి ఊరిన నీటితో పొలాల్లో, ఊళ్ళలో భూగర్భజలం పైకి లేచింది. నీరు అడుగంటిందని మనం ఏడుస్తుంటే, అక్కడ నీరు పైకి లేచి కొంపలు ముంచుతున్నది! ఆ నీరు ఉప్పునీరు. దీపం వత్తిలో నూనె ఎక్కినట్లు ఇటుకల సన్నని రంధ్రాల్లోకి ఎక్కుతుంది. పైకి వచ్చి ఆవిరవుతుంది. ఉప్పు ఎక్కడికి పోతుంది? ఇటుక లోపలే స్ఫటికాలు కడుతుంది. స్ఫటికం పెరుగుతూ ఇటుకను పొడి పొడిగా రాల్చుతుంది, మీది పలకను వెనుక నుండి నెట్టి పడేస్తుంది. కాలువ కింద మురుగు పోయే దారిలేని పొలం చౌడుబారడం మన రైతులకు తెలిసిన బాధే. అక్కడ వెయ్యేళ్ళ గోడలు చౌడుబారుతున్నాయి.

చేసి చూడండి. పళ్ళెంలో ఉప్పు బాగా కలిపిన నీరు పోసి, కాల్చిన ఇటుకను నిలువుగా నిలబెట్టండి. నీరు తగ్గినప్పుడల్లా మళ్ళీ పోయండి. తడి ఎంత ఎత్తుకు ఎక్కిందో రోజూ గీత గీసి తేదీ వేయండి. కొద్ది రోజులకు తడి అంచున తెల్లని పూత వస్తుంది. వేలితో గీకితే ఇటుక పొడి రాలుతుందా? బీదర్ వెళ్ళినా బుఖారా వెళ్ళినా, గోడను నేల దగ్గర మొదట చూడండి. నేల నుండి ఎంత ఎత్తు దాకా తెల్ల పూత ఉందో మీ నోటుబుక్కులో రాసుకోండి. మార్గదర్శకులు సాధారణంగా పైకి చూపిస్తారు.

ఎప్పుడు వెళ్ళాలి, ఏం తినాలి

మన వేసవి సెలవుల్లో చివరి భాగం అక్కడ మండే ఎండ, బుఖారాలో 40 డిగ్రీలు దాటుతుంది. ఏప్రిల్, మే మొదటి వారాలు గాని, సెప్టెంబరు, అక్టోబరు గాని మంచివి. అంటే దసరా సెలవులు సరిగ్గా సరిపోతాయి, ద్రాక్ష, కర్బూజ పండ్ల కాలం కూడా. అక్కడి కొత్త సంవత్సరం నవ్రూజ్ మార్చి 21న, పగలూ రాత్రీ సమానమైన రోజుల్లో వస్తుంది. మన ఉగాది చంద్రుని లెక్క కూడా కలిసింది కాబట్టి ఏటేటా తేదీ మారుతుంది. ఆ రోజుల్లో మీకు పరీక్షలు, కాబట్టి ఆశ పెట్టుకోకండి.

తాష్కెంట్ నుండి సమర్కంద్‌కు వేగంగా పోయే రైలు రెండు గంటల పైచిలుకులో చేరుస్తుంది. మాంసం తినేవారికి ప్లోవ్ ఉంటుంది. అది మన పలావుకు చుట్టమే. తిననివారికి పొయ్యిలో కాల్చిన గుండ్రని నాన్ రొట్టె, పండ్లు, పచ్చి టీ. భాష రాదని భయపడకండి. బజారును బొజోర్ అంటారు, చాయ్‌ను చొయ్ అంటారు, దుకాణాన్ని దుకాన్ అంటారు. కాగితాన్ని కొగోజ్ అంటారు. మన కాగితం అనే మాట ఆ కుటుంబపు మాటే! ఎనిమిదో శతాబ్దంలో చైనా నుండి నేర్చి సమర్కంద్‌లో చేసిన కాగితం ప్రపంచమంతా పేరు పొందింది. కోనిగిల్ గ్రామంలో మల్బరీ బెరడుతో ఇప్పటికీ చేసి చూపిస్తారు. మార్గిలాన్ ఊళ్ళో పట్టు నేసేవారు నూలును ముందే ముడులు కట్టి రంగుల్లో ముంచి, తరువాత మగ్గం ఎక్కిస్తారు. పోచంపల్లి చీర తెలిసినవారికి చూడగానే పోలిక పట్టుబడుతుంది. అంచులు మబ్బుల్లా చెదిరి కనబడతాయని ఆ పనికి వారు మబ్బు కట్టడం అని పేరు పెట్టారు.

గడియారం అరగంట వెనక్కి తిప్పుకోవాలి. సూర్యుని లెక్కన తేడా 43 నిమిషాలు. ఎందుకో రేఖాంశాలు చూసి మీరే కట్టండి.

చివరగా, వెళ్ళినా వెళ్ళకపోయినా చేయవలసిన పని ఒకటి. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. గుత్తిలో ధ్రువనక్షత్రం ఉత్తర దిగంతం నుండి ఒకటిన్నర పిడికిళ్ళ ఎత్తున ఉంటుంది. సమర్కంద్‌లో నాలుగు పిడికిళ్ళు. అంటే దక్షిణ ఆకాశం అక్కడ అంత మేర కిందికి దిగిపోతుంది. ఫిబ్రవరి రెండో వారంలో రాత్రి 9 గంటలకు మీ ఇంటి దగ్గర దక్షిణం వైపు చూడండి. దిగంతానికి రెండు పిడికిళ్ళకు కాస్త పైన తెల్లగా మెరిసే పెద్ద నక్షత్రం అగస్త్యుడు. ఉలూగ్ బేగ్ తన 40 మీటర్ల పరికరంతో వేచి ఉన్నా, సమర్కంద్ నుండి ఆ నక్షత్రం ఎన్నడూ కనబడదు. అక్కడ అది దిగంతానికి రెండు డిగ్రీల కిందనే ఉండిపోతుంది.